ఒంటరిగా జింక వేట: ఏ సామాను ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు?

#1 · మంచెమీద (ఆస్టిన్)

నవంబర్ మొదటి శనివారం టెక్సస్‌లో తెల్లతోక జింక జనరల్ సీజన్ మొదలు. ప్రతి ఏడూ ఈ టైముకి "ఏ రైఫిల్ కొనాలి" అనే ప్రశ్నలే వస్తాయి. రైఫిల్ సంగతి అలా ఉంచండి. ఒక్కరే వెళ్ళేవాళ్ళకి మిగతా సామాను ఎక్కడ దెబ్బ కొడుతుందో ఒకచోట రాసి పెడదాం. ఇద్దరుంటే పక్కవాడి టార్చి ఉంటుంది, పక్కవాడి కత్తి ఉంటుంది. ఒక్కడే ఉన్నప్పుడు జేబులో పెన్ను లేకపోవడం కూడా పెద్ద సమస్యే.

సొంత వేట కథలు వద్దు, దానికి వేరే థ్రెడ్ ఉంది. సామాను, లోపం, కారణం, విరుగుడు. అంతే.

బాక్స్ బ్లైండ్‌తో (జింకకి కనబడకుండా కూర్చునే గూడు) మొదలుపెడతాను. ఎండాకాలమంతా మూసి ఉన్న పెట్టె అది. లోపల కందిరీగల పట్టు ఉందో లేదో సీజన్‌కి వారం ముందే, పట్టపగలు చూసుకోవాలి. తెల్లవారుజామున చీకట్లో తలుపు తీసి చూసుకునే పని కాదు. స్ప్రే కూడా అప్పుడే కొట్టి, వాసన పోయేదాకా కిటికీలు తెరిచి వదిలేయాలి. కుర్చీ కిర్రుమంటుందా, కిటికీ పలక గాడిలో జరుగుతుంటే శబ్దం వస్తుందా, అదే రోజు తేల్చుకోండి. నేల మీద పాత కార్పెట్ ముక్క పరిస్తే బూటు చప్పుడు సగం తగ్గుతుంది.

ఫీడర్ (జింకల కోసం టైము ప్రకారం గింజ చల్లే డ్రమ్ము) ఉంటే రెండు చోట్ల తేడా వస్తుంది: 6 వోల్టుల బ్యాటరీ, తడిసిన మొక్కజొన్న. బ్యాటరీ కొనలకి పచ్చగా తుప్పు పడితే టైమర్ తెర వెలుగుతూనే ఉంటుంది కానీ మోటార్ తిప్పేంత కరెంటు అందదు. గింజ తడిస్తే గడ్డకట్టి కింది రంధ్రానికి అడ్డం పడుతుంది. డ్రమ్ములో గింజ పోసే ముందు అడుగున చెయ్యి పెట్టి పాత ముద్ద గీకి పడేయండి.

#2 · బోల్ట్‌యాక్షన్ (డాలస్)

స్కోప్. గురి తప్పిందంటే పదిలో తొమ్మిదిసార్లు అద్దాల తప్పు కాదు, స్క్రూల తప్పు.

బేస్ స్క్రూలు రైఫిల్‌కి, రింగ్ స్క్రూలు స్కోప్‌కి. రెండూ వేరు. రింగ్ పైకప్పు స్క్రూలకి మామూలుగా 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు చాలు. ఎక్కువ బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది, లోపలి మీటలు సరిగ్గా కదలవు. బేస్ స్క్రూలకి తయారీదారు చెప్పిన అంకె చూడండి. "చేత్తో గట్టిగా బిగించా" అనేది కొలత కాదు, బిగువు కొలిచే టార్క్ డ్రైవర్ కొనండి. నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా బిగిస్తూ రావాలి. రింగ్ రెండు పక్కలా సందు సమానంగా కనబడాలి. బిగించాక స్క్రూ తల మీద నుంచి రింగ్ మీదకి గోళ్ళరంగుతో సన్నటి గీత గీయండి. ప్రయాణం తర్వాత ఆ గీత విరిగి కనిపిస్తే స్క్రూ తిరిగిందన్నమాట.

జీరో (గురి సరిచేయడం) లెక్క: స్కోప్ క్లిక్ పావు ఎమ్.ఓ.ఎ. (కోణం కొలత) అయితే 100 గజాల దగ్గర ఒక క్లిక్ అంటే దాదాపు పావు అంగుళం. గుండ్లు 3 అంగుళాలు కుడికి పడుతుంటే ఎడమకి 12 క్లిక్కులు. 25 గజాల దగ్గర మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. అక్కడ ఒక అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు కావాలి, నాలుగు కాదు. ఒక గుండు పడ్డచోటు చూసి తిప్పకండి, మూడు కాల్చి ఆ మూడింటి మధ్య చూడండి.

గుండు బరువు మారిస్తే జీరో మళ్ళీ చేయాల్సిందే. .308 రైఫిల్‌లో 150 గ్రెయిన్ల బరువు గుండుతో సరిచేసి, షాపులో అవి అయిపోయాయని 180 తెచ్చుకుంటే తూటా పడే చోటు మారుతుంది. ఒకే లాట్ నంబరున్న 20 గుండ్ల పెట్టెలు రెండు ఒకేసారి కొనేయండి. ఒకటి రేంజికి, ఒకటి అడవికి.

#3 · కొత్తచేయి (ఫ్రిస్కో)

అన్నా, చిన్న డౌటు. బ్లైండ్‌లో చప్పుడు కాకూడదని బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే కడ్డీ) మెల్లగా మూస్తే నష్టమేమైనా ఉందా?

#4 · బోల్ట్‌యాక్షన్

ఉంది తమ్ముడూ. చాలా బోల్ట్ రైఫిళ్ళలో తూటాని వెనక్కి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం బోల్ట్ మూసే చివరి క్షణంలో తూటా అంచు మీదకి ఎక్కుతుంది. మరీ సుతారంగా మూస్తే పిడి పూర్తిగా కిందికి దిగదు. ట్రిగ్గర్ నొక్కితే "టిక్" అని ఊరుకుంటుంది, లేదా తూటాని పేల్చే పిన్ను నీరసంగా తగులుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఇంకా ఎక్కువ: బోల్ట్‌ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా వదిలితే స్ప్రింగు బలం చాలక చివరి పిసరు మిగిలిపోతుంది. చప్పుడు కాకూడదంటే కూర్చోగానే, చీకట్లోనే, తుపాకి గొట్టం కిటికీ బయటికి పెట్టి పూర్తి బలంతో లోడ్ చేసేయండి. ఆ చప్పుడు పది నిమిషాల్లో అడవి మర్చిపోతుంది.

"టిక్" అన్నాక బోల్ట్ వెంటనే తీయకూడదు. గొట్టం అదే దిక్కున ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి మందు కూరే తుపాకి) అయితే పూర్తి నిమిషం. దీనికి తిరగబడింది ఇంకొకటి: శబ్దం "ఫట్" అని పలచగా వచ్చి భుజానికి దెబ్బ తగలకపోతే రెండో తూటా ఎక్కించకండి. మొదటిది గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఖాళీ చేసి, బోల్ట్ ఊడదీసి, వెనక నుంచి గొట్టంలోకి చూడాలి. వెలుతురు గుండ్రంగా కనబడాలి.

షాట్‌గన్ వాళ్ళకి: 20 గేజ్ గుండ్లు పసుపు రంగులో ఎందుకుంటాయంటే, పొరపాటున 12 గేజ్‌లో వేస్తే అది జారి గొట్టంలో కొంతదూరం వెళ్ళి ఆగుతుంది. తూటా కూర్చునే గది ఖాళీగా ఉందనుకుని వెనక 12 వేసి కాలిస్తే గొట్టం పగులుతుంది. ఒక జేబులో రెండు సైజులు ఎప్పుడూ వద్దు.

#5 · మిషిగన్‌మంచు

టెక్సస్ వాళ్ళకి చలి బాధ తెలియదు కాబట్టి ఇది ఉత్తరాది వాళ్ళ కోసం.

చలి రైఫిల్‌ని వెచ్చటి గదిలోకి తెస్తే ఇనుము మీద, అద్దాల మీద నీరు చేరుతుంది. అది తుడవకుండా తెల్లారి మళ్ళీ బయటికి తీసుకెళ్తే బోల్ట్ లోపల, ట్రిగ్గర్ లోపల గడ్డకడుతుంది. సీజన్ అయ్యేదాకా రైఫిల్‌ని గరాజ్‌లోనే తాళం వేసిన పెట్టెలో ఉంచడం సులువు. లోపలికి తేక తప్పకపోతే కేసు మూసే తెచ్చి, కేసు కూడా గది వేడికి వచ్చేదాకా తెరవకండి.

రెండోది నూనె. తుప్పు పడుతుందని బోల్ట్‌కి నూనె దండిగా రాసేవాళ్ళే ఎక్కువ. గడ్డకట్టే చలిలో ఆ నూనె జిగురవుతుంది, పిన్ను నెమ్మదిగా కదులుతుంది, ప్రైమర్ (తూటా వెనక మందుని అంటించే బిళ్ళ) మీద చిన్న చుక్క పడుతుంది కానీ పేలదు. బోల్ట్ విప్పి, డీగ్రీజర్‌తో కడిగి, పొడి లూబ్రికెంట్ మాత్రం వేయండి.

గొట్టం మూతికి ఎలక్ట్రికల్ టేపు ఒక పొర. మంచు, బురద లోపలికి పోవు. తీసి కాల్చాల్సిన పనిలేదు, తూటా ముందు గాలే దాన్ని చింపేస్తుంది. దూది, గుడ్డ మాత్రం కుక్కకూడదు, టేపుకీ దానికీ పోలికే లేదు.

బ్యాటరీలు: హెడ్‌ల్యాంపులో ఆల్కలైన్ బదులు లిథియం ఏఏ వేయండి. మైనస్ 40 దాకా పనిచేస్తాయి (ఆ అంకె దగ్గర ఫారెన్‌హీట్, సెల్సియస్ ఒకటే, ఏ లెక్కలో చదువుకున్నా సరే). ఫోన్, పవర్ బ్యాంకు లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌ది సీఆర్2 అయితే విడి బ్యాటరీ ఒకటి అదే జేబులో.

#6 · తాటిమోకు (హ్యూస్టన్)

మనోళ్ళు బందూకు గురించి గంటసేపు మాట్లాడ్తరు, చెట్టు మీదికెల్లి పడుడు గురించి ఎవ్వరు మాట్లాడరు. ఒక్కడు పోయేటోనికి అసలు ముప్పు గదే.

మొదటిది: లాడర్ స్టాండ్ (చెట్టుకు ఆనిచ్చే నిచ్చెన మంచె) ఒక్కడు నిలబెట్టే సామాను కాదు. దాని కాగితం తీసి సదువుండ్రి, ముగ్గురు కావాలని రాసుంటది. ఒక్కడైతే నిచ్చెన చెట్టుకు ఆనంగనే పక్కకు జారుతది, పట్టి కట్టెటందుకు పైకి ఎక్కాలె, పట్టి కట్టకముందు ఎక్కొద్దు. గట్లున్నది కథ. సీజన్‌కు ముందే దోస్తులను పిలిచి నిలబెట్టుకోండ్రి.

రెండోది: పాత పట్టీలు. ఎండకు నైలాన్ పోగులు పొడిబారుతయి, ఉడుతలు కొరుకుతయి, చెట్టు లావైతే పట్టీ దానంతటదే బిగుసుకుంట తెగుతది. సీజన్ అయిపోంగనే వదులు చేసి రావాలె, లేదా ఇప్పి ఇంటికి తేవాలె. పోయిన ఏడు కట్టిన పట్టీ మీద నమ్మకం పెట్టి ఈ ఏడు ఎక్కుడు వద్దు.

మూడోది హార్నెస్, పడకుండ ఒంటికి కట్టుకునే పట్టీలు. ఫుల్ బాడీది. లేబుల్ మీద తయారైన తారీఖు ఉంటది, చాన మటుకు అయిదేండ్లు అని రాస్తరు. ఒక్కసారి పడి అది ఆపిందంటే ఆ హార్నెస్ పని అయిపోయింది, మళ్ళ వాడొద్దు. పైన కూసున్నంక కట్టుకునుడు కాదు, నేల మీద కాలు లేపినప్పటి నుంచే కట్టుండాలె. దానికి 30 అడుగుల లైఫ్‌లైన్ తాడు, దాని మీద ప్రూసిక్ ముడి (చేత్తో జరిపితే జరుగుతది, బరువు పడితే బిగుస్తది). ముడిని పైకి జరుపుకుంట ఎక్కాలె, అది ఎప్పుడు తలకంటె కిందికి దిగొద్దు. గౌడన్నలు మోకు లేకుండ తాడెక్కరు గదా. 2024ల తెలంగాణ సర్కారు గీత కార్మికులకు ఇచ్చిన కాటమయ్య రక్షణ కవచం కూడా గిదే సూత్రం: కాలు జారినా తాడు పట్టుకుంటది.

పడి హార్నెస్‌కు యాలాడుతుంటే తొడల పట్టీలు రగతం ఆపుతయి. సస్పెన్షన్ రిలీఫ్ పట్టీ అని చిన్న కుచ్చు వస్తది, దాన్ని ఊడదీసి బ్యాగుల పడెయ్యొద్దు. అండ్ల కాలు పెట్టి లేస్తే తొడల మీద బరువు తగ్గుతది. అది లేకుంటె కాళ్ళతోని చెట్టును తన్నుకుంట ఉండాలె. ఫోను, ఈల ఛాతి జేబుల ఉండాలె. కొక్కేనికి తగిలించిన బ్యాగుల ఫోను ఉన్నా లేనట్టే.

#7 · మంచెమీద

బాగా చెప్పారు. దానికి తోడు ఒకటి: రైఫిల్ భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కకూడదు. బావిలో నీళ్ళు చేదుకున్నట్టు తాడుతో పైకి చేదుకోవాలి. తూటాలు తీసేసి, బోల్ట్ తెరిచి, గొట్టం మూతి కిందికి ఉండేలా కట్టాలి. మూతి నేలకి తగిలి మట్టి ఎక్కకుండా చూసుకోండి, అందుకే ఆ టేపు. పైకి లాగుతుంటే స్కోప్ నిచ్చెన మెట్లకి కొట్టుకోకుండా తాడుని చెట్టుకి అవతలి పక్క నుంచి లాగండి. బాణాల వాళ్ళు బ్రాడ్‌హెడ్‌లకి (బ్లేడులున్న బాణం మొనలు) క్వివర్ (అమ్ములపొది) మూత తీయకుండానే చేదుకోవాలి.

#8 · చట్టంచూడు (ప్లేనో)

సామానులో కాగితాలు కూడా సామానే. హెచ్1బీ, ఎఫ్1, హెచ్4 మీద ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం, సెక్షన్ 922. దానికున్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. "గడువు తీరని" అన్నదే ఇక్కడ ముఖ్యం. టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31న అయిపోతుంది. కొత్తది తీసుకోకుండా రైఫిల్ అలమరలో ఉంటే సెప్టెంబర్ 1 నుంచి మినహాయింపు లేనట్టే. వేటకి వెళ్ళకపోయినా సరే. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. మీ కేసులో ఏదైనా మెలిక ఉంటే ఫోరమ్‌ని కాదు, లాయర్‌ని అడగండి.

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. కాల్చే వేళ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయానికి అరగంట తర్వాత వరకు. ఫోన్‌లో ఆ కౌంటీ సూర్యోదయం చూడండి, ఆస్టిన్‌ది కాదు.

#9 · కొత్తచేయి

చాలా థ్యాంక్సండీ, ఆగస్టు 31 సంగతి అస్సలు తెలీదు. ఇంకో మాట, ఇండియా వెళ్ళినప్పుడు ఆదిలాబాద్ వైపు ఏమైనా పర్మిట్లు దొరుకుతాయా?

#10 · చట్టంచూడు

దొరకవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి, కణితి, కృష్ణజింక ఏదైనా వేట నేరమే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. ఆ ఆలోచన అక్కడితో వదిలేయండి.

విచిత్రం ఏమిటంటే మన చుక్కల దుప్పినే ఇక్కడ యాక్సిస్ అంటారు. 1930ల్లో టెక్సస్‌కి తెచ్చి వదిలారు, ఇక్కడి కొండప్రాంతం హిల్ కంట్రీ నిండా పెరిగింది. దానికి సీజన్ లేదు, సంఖ్య పరిమితి లేదు, ట్యాగ్ (లైసెన్సుతో వచ్చే, జింకకి కట్టే చీటీ) అక్కర్లేదు. లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాదంతా వేటాడొచ్చు.

#11 · కత్తిపదును (శాన్ ఆంటోనియో)

యాక్సిస్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. మంచి కొమ్ములున్న పోతుల కోసం జనం వెళ్ళేది మే నుంచి జులై దాకా, అంటే వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో. అక్కడ పాడయ్యేది రైఫిల్ కాదండీ, మాంసం. నవంబర్లో కూడా హిల్ కంట్రీలో మధ్యాహ్నం 80 దాటే రోజులుంటాయి. మాంసం లోపలి వేడి 40 ఫారెన్‌హీట్, అంటే 4 సెల్సియస్ కిందికి ఎంత తొందరగా దిగితే అంత మంచిది. వేడి పట్టి ఉండేది తొడ ఎముక చుట్టూ. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది, ఎముక దగ్గర పుల్లటి వాసన మొదలై ఉంటుంది.

కత్తుల విషయం. బ్లేడు మార్చుకునే కత్తులు ఇప్పుడు ఫ్యాషన్. తోలు తీయడానికి వాటిని మించింది లేదు, ఒప్పుకుంటా. కానీ ఆ బ్లేడు సర్జన్ బ్లేడులాంటిది, కోయడానికే గానీ మెలిపెట్టడానికి కాదు. మోకాలి కీలులో పెట్టి తిప్పితే విరుగుతుంది, ఆ ముక్క కడుపులో ఎక్కడో ఉండిపోతుంది. పేగులు తీసేటప్పుడు మీ చెయ్యి ఉండేది మణికట్టు దాకా ఆ రక్తంలోనే, చూపు ఆనదు. ఒంటరిగా ఉన్నవాడికి అరచెయ్యి తెగితే కారు నడిపేదెవరు? కీళ్ళకి, పొట్టకి మూడున్నర అంగుళాల గట్టి కత్తి, తోలుకి మాత్రం ఆ బ్లేడు కత్తి. బ్లేడులు లెక్కపెట్టి తీసుకెళ్ళండి, లెక్కపెట్టి తీసుకురండి. మార్చడానికి చిన్న పట్టకారు, వేళ్ళతో కాదు.

పొట్ట కోసేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, పక్కటెముకల కింద చిన్న గాటు పెట్టి, రెండు వేళ్ళు లోపలికి దూర్చి చర్మాన్ని పైకెత్తి, వేళ్ళ మధ్య కత్తి అంచు ఆకాశం వైపు పెట్టి కోయాలి. అంచు కిందికి పెడితే పొట్టసంచి తెగుతుంది, ఆ కంపు మాంసానికి అంటితే కడిగినా పోదు. మలద్వారం చుట్టూ కోసి దారంతో కట్టేశాకే లాగాలి.

#12 · బోల్ట్‌యాక్షన్

మాంసం దాకా వెళ్ళే ముందు జింక దొరకాలిగా.

తుపాకి పేలగానే చేయాల్సింది రెండు. ఇంకో తూటా ఎక్కించడం, జింక నిలబడ్డ చోటుని గుర్తు పెట్టుకోవడం. పైనుంచి చూస్తే కనబడే పొద, కిందికి దిగితే కనబడదు. దిగకముందే దిక్సూచితో ఆ దిక్కు డిగ్రీలు చూసుకోండి, ఫోన్ మ్యాప్‌లో పిన్ను వేయండి. నెత్తురు గులాబీ రంగులో నురగతో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్ళొచ్చు. ముదురు ఎరుపు అయితే కాలేయం, నాలుగైదు గంటలు. ఆకుపచ్చ, గోధుమ రంగు, పేగు వాసన అయితే ఎనిమిది గంటలకి తక్కువ కాకుండా ఆగాలి. ముందే తరిమితే మైలు దూరం పరుగెత్తి చేజారుతుంది. చుక్క చుక్కకీ టాయిలెట్ పేపర్ ముక్క వేస్తూ వెళ్ళండి, వెనక్కి తిరిగి చూస్తే వెళ్ళిన దిక్కు వరసలో కనబడుతుంది. ఆకు మీద మచ్చ నెత్తురో, మామూలు ఎర్రమచ్చో తెలియకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ చిలకరించండి. నెత్తురైతే బుసబుస పొంగుతుంది.

#13 · మంచెమీద

@కత్తిపదును గారూ, ఐసు సంగతి చెప్పండి. ఇక్కడ చాలామంది కూలర్‌లో ఐసునీళ్ళలో మూడు నాలుగు రోజులు నానబెడతారు. నెత్తురు పోయి మాంసం తెల్లగా వస్తుంది, మెత్తబడుతుంది అంటారు.

#14 · కత్తిపదును

తెల్లబడటం మెత్తబడటం కాదండీ. రుచి కూడా నీళ్ళతో పాటే పోతుంది. పైగా ఆ ఎర్రనీళ్ళలో ఒక ముక్క మీద ఉన్న మురికి అన్ని ముక్కలకీ చేరుతుంది. కూలర్ అడుగున వైరు జాలీ, దాని మీద మాంసం, పైనా పక్కలా ఐసు, డ్రెయిన్ మూత తెరిచి కూలర్ కొంచెం వాలుగా. కరిగిన నీళ్ళు ఎప్పటికప్పుడు పోవాలి, ఐసు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపాలి. ఇంకా నయం, రెండు లీటర్ల సీసాల్లో నీళ్ళు పోసి ఇంట్లోనే గడ్డకట్టించి తీసుకెళ్ళండి. కరిగినా నీళ్ళు సీసాలోనే ఉంటాయి, దాహమేస్తే తాగొచ్చు.

అడవిలోనే పొట్టలో రెండు ఐసు సంచులు దూర్చి కదిలితే దారిలోనే చల్లబడటం మొదలవుతుంది. అందుకే ఐసు కూలర్ ట్రక్కులో సిద్ధంగా ఉండాలి. వేట అయ్యాక ఊళ్ళోకి వెళ్ళి కొనుక్కోవచ్చులే అంటే ఓపెనింగ్ వారం హిల్ కంట్రీలో చిన్న ఊళ్ళలో ఐసు అయిపోతుంది.

#15 · తాటిమోకు

లాగుడు గురించి గూడ. ఒక్కనితోని మొత్తం జింకను గుట్ట మీదికెల్లి లాగాలంటే గుండె మీద పడ్తది. తల దిక్కు లాగాలె, వెంట్రుకల వాలు తోక దిక్కు ఉంటది, ఈడ్చుడు సులువైతది. ముందరి కాళ్ళు తలకు కట్టెయ్యండ్రి, పొదలకు తట్టుకోవు. తాడును చేతికి చుట్టుకోకుండ్రి, నడుముకు వెడల్పు పట్టీ పెట్టి దానికి కట్టండ్రి. ప్లాస్టిక్ స్లెడ్ ఉంటె సగం బరువు తగ్గినట్టే. నూరు అడుగులు లాగి ఆగండ్రి, ఛాతిల ఏదన్న అనిపిస్తె అక్కడనే కూసోండ్రి. మాంసం మళ్ళ సూసుకోవచ్చు.

#16 · మిషిగన్‌మంచు

శాటిలైట్ మెసెంజర్ ఉన్నవాళ్ళు సీజన్‌కి ముందు రోజు సబ్‌స్క్రిప్షన్ యాక్టివ్‌గా ఉందో లేదో చూసుకోండి. పోయిన ఏడు ఆపేసి మర్చిపోయినవాళ్ళే ఎక్కువ. ఆరుబయట నిలబడి ఇంట్లోవాళ్ళకి ఒక టెస్టు మెసేజ్ పంపి, జవాబు వచ్చిందో చూడండి. రేకు కప్పున్న బ్లైండ్‌లో నుంచి సిగ్నల్ పోదు, దట్టమైన చెట్టు కింద ఆలస్యమవుతుంది. ఐఫోన్ 14, ఆపైవాటిలో ఉపగ్రహం మీదుగా అత్యవసర మెసేజ్ ఉంది, కానీ దానికీ ఆకాశం కనబడాలి.

ఇంట్లో కాగితం మీద రాసి వెళ్ళేది: మ్యాప్ పిన్ను, గేటు కోడ్, భూమి యజమాని నంబరు, ట్రక్కు నంబరు, "రాత్రి 9కి ఫోన్ రాకపోతే 911". మ్యాప్ యాప్‌లో ఆ ప్రాంతం ఆఫ్‌లైన్‌లో దించుకున్నాక ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే దిగలేదన్నమాట.

#17 · కొత్తచేయి

మొదట్లో పెన్ను అన్నారు, ఎందుకో అర్థం కాలేదు.

#18 · చట్టంచూడు

తెల్లతోక జింక పడగానే, కదపకముందే ట్యాగ్ కట్టాలి. ట్యాగ్ మీద నెల, తేదీ గళ్ళు గీత పెట్టడం కాదు, కత్తిరించి తీయాలి. మిగతాది పెన్నుతో నింపాలి, లైసెన్సు వెనక హార్వెస్ట్ లాగ్ కూడా. బాల్‌పాయింట్ తీసుకెళ్ళండి, జెల్ పెన్ను తడి చేత్తో పాకుతుంది. కత్తిరించడానికి నెత్తురు కత్తి వాడితే కాగితం చిరుగుతుంది, అందుకని జిప్‌లాక్ సంచిలో చిన్న కత్తెర, పెన్ను, ట్యాగ్ కట్టడానికి జిప్ టైలు రెండు, లైసెన్సుతో పాటే.

#19 · కత్తిపదును

జిప్ టైలు నాలుగు వేసుకోండి. ఒకటి మలద్వారం కట్టడానికి దారం కంటే సులువు.